మిగిలిన జమ ఏ పేజీలో ఉంది?

పాఠకుల పన్ను ప్రశ్నలు, డిసెంబర్ 2025

మా బాపు వరంగల్ బీట్ బజార్‌లో ఒక ధాన్యం దుకాణంలో గుమాస్తాగా చేసేవాడు. రాత్రి షట్టరు దించే ముందు చిట్టా అడుగున నిల్వ తేల్చి, పొద్దున్నే కొత్త పేజీ మొదటి వరుసలో అదే అంకె ఎక్కించేవాడు. ఒక దీపావళికి కొత్త పుస్తకాలు మొదలైనప్పుడు పాత ఆవర్జాలో ఉన్న ఒక అడ్తి ఖాతా నిల్వ కొత్తదాంట్లో ఎక్కలేదు. పైసలు ఎవరూ తినలేదు. కానీ కొత్త పుస్తకంలో లేవు కాబట్టి షేటు లెక్కలో లేవు. సంక్రాంతి దాకా మా ఇంట్లో అందరికీ టెన్షనే.

ఈ నెల ఉత్తరాలు చదువుతుంటే అదే గుర్తొచ్చింది. సగానికి పైగా ఒకటే అడిగారు: "పోయినేడు మిగిలిన పన్ను జమ ఈ ఏడు పనికొస్తుందా?" అది ఏ పన్ను, ఏ రకం జమ అన్నది చూడనిదే జవాబు చెప్పలేను. ఒకటి పదిహేనేళ్లు ఉంటుంది, ఒకటి ఎన్నేళ్లయినా ఉంటుంది, ఇంకొకటి అసలు ముందుకే పోదు, వాపసు అడిగి తీసుకోవాలి. కింది జవాబుల్లో డిసెంబర్ 31 అని కనిపించినవాళ్లు మాత్రం మిగతా పేజీలు తర్వాత చదువుకోండి, ముందు లేచి కాగితాలు వెతకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, ఎనుమాముల దగ్గర మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ, నలుగురు భాగస్వాముల ఫర్మ్. 2022–23లో కొత్త చాంబర్ కట్టాం. ఆ ఖర్చంతా ఆదాయంలోంచి తీసేస్తే పన్ను 3 లక్షలే అవుతుందని చెప్పి, చివరికి 9 లక్షల 62 వేలు కట్టించారు. ఎక్కువ కట్టింది జమ ఉంటుంది, తర్వాత వాడుకోవచ్చన్నారు. మరుసటేడు బస్తాలు నిండలేదు, ఆదాయమూ లేదు, పన్నూ లేదు. 2024–25లో 40 లక్షల ఆదాయం తేలింది. పాత కన్సల్టెంట్ గారు వయసు మీదపడి పని మానేశారు. కొత్త అబ్బాయి నవంబర్‌లో రిటర్న్ వేసి 12 లక్షలు, పైన సెస్ కట్టించాడు. జమ సంగతి అడిగితే "సిస్టమ్‌లో ఏమీ చూపిస్తలేదు" అంటున్నాడు. మా భాగస్వామి ఒకాయన కొత్త పన్ను విధానంలోకి మారదామంటాడు, వాళ్ల అబ్బాయి కంపెనీ చేసేద్దామంటాడు. మా జమ ఉన్నట్టా, పోయినట్టా?

జవాబు: ఉన్నట్టే. మీరు పంపిన జిరాక్సులు చూశాను. ఎటొచ్చీ దాన్ని మీ రిటర్న్‌లో ఎవరూ ఎక్కించలేదు.

మొదట అది ఎలా పుట్టిందో మీ నలుగురికీ తెలియాలి, లేకపోతే ప్రతి ఏడూ ఇదే గొడవ. చాంబర్ ఖర్చంతా ఒక్క ఏడాదిలోనే తీసేసుకోనిచ్చింది 35ఏడీ సెక్షన్. వ్యవసాయ సరుకు దాచే కోల్డ్ స్టోరేజీలు ఆ జాబితాలో ఉన్నాయి, భూమి ఖరీదు మాత్రం అందులోకి రాదు. ఒక చేత్తో ఇంత ఇచ్చిన ప్రభుత్వం రెండో చేత్తో గుమ్మం దగ్గర కాపలా పెట్టింది. మినహాయింపులు ఎన్ని చూపించినా కనీసం ఇంత పన్ను కట్టి కదలాలి అని. అదే ఏఎంటీ, ప్రత్యామ్నాయ కనీస పన్ను. కంపెనీలకుండే మ్యాట్‌కి (వాటి కనీస పన్నుకి) తమ్ముడి వరస. రేటు 18.5 శాతం. వ్యక్తులకైతే సర్దుబాటు చేసిన ఆదాయం, అంటే ఇలాంటి మినహాయింపులు తిరిగి కలిపిన ఆదాయం, 20 లక్షలు దాటితేనే తగులుతుంది, ఫర్మ్‌లకు ఆ మినహాయింపు లేదు.

మీ లెక్క ఇదీ. సెస్ పక్కన పెట్టి చెబుతున్నాను. 2022–23లో మామూలు ఆదాయం 10 లక్షలు, 30 శాతం చొప్పున పన్ను 3 లక్షలు. చాంబర్ ఖర్చు తిరిగి కలిపి, దాని మీద మామూలుగా వచ్చే తరుగుదల తీసేస్తే 52 లక్షలు తేలింది. దాని మీద 18.5 శాతం అంటే 9,62,000. రెండింట్లో పెద్దది కట్టాలి కాబట్టి అదే కట్టారు. తేడా 6,62,000. ఇది మీరు పోగొట్టుకున్న డబ్బు కాదు, 115జేడీ సెక్షన్ కింద ఫర్మ్ పేరున ఉన్న జమ. ఆ ఆర్థిక సంవత్సరానికి అసెస్‌మెంట్ సంవత్సరం (దాని లెక్క తేల్చే మరుసటేడు) 2023–24. అక్కడినుంచి పదిహేను అసెస్‌మెంట్ సంవత్సరాలు, అంటే 2038–39 దాకా దానికి ఆయుష్షుంది.

అయితే ఒక్కసారే మొత్తం గుంజుకోవడానికి లేదు. ఈసారి మీ మామూలు పన్ను 12 లక్షలు. అదే 40 లక్షల మీద 18.5 శాతం వేస్తే 7,40,000. ఈ రెండింటి నడుమ ఉన్న సందులోనే జమ పడుతుంది. 4,60,000 ఇప్పుడు, మిగిలిన 2,02,000 తర్వాతి ఏళ్లకు. మూడేళ్లు మీ డబ్బు అక్కడ ఉన్నందుకు వడ్డీ ఏమీ రాదు, ఆ మాట చట్టంలోనే రాసిపెట్టారు. మిత్తి రాని పైసలంటే మన మార్కెట్లో ఎవరికీ నచ్చదు. నాకూ నచ్చదు.

ఇక ఆ "సిస్టమ్‌లో చూపిస్తలేదు" సంగతి. ఐటీఆర్–5లో ఏఎంటీసీ అని ఒక షెడ్యూల్ ఉంటుంది. ఏ ఏడు ఎంత జమ పుట్టింది, ఎంత వాడారు, ఎంత మిగిలింది అని వరుసగా నింపాలి. మధ్యలో పన్ను లేని ఏడు మీ రిటర్న్‌లో అది ఖాళీగా వదిలేశారు. వాడుకునేది ఏమీ లేదు కదా అనుకుని ఉంటారు. వాడకపోయినా నిల్వ రాయాలి. అది రాయలేదు కాబట్టి ఈ ఏడు కొత్త అబ్బాయి తెరిచేసరికి అతనికి ఏమీ కనబడలేదు. అతన్ని తిట్టకండి. పాత ఫైలు అతనికి ఇచ్చారా అని మిమ్మల్ని మీరు అడగండి.

చేయాల్సింది: 2022–23 రిటర్న్ కాపీ, అప్పట్లో చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన 29సి ఫారం, చలాన్లు వెతికి తీయండి. డిసెంబర్ 31లోగా రివైజ్డ్ రిటర్న్ వేయండి. మీ అసలు రిటర్న్ నవంబర్‌లోనే పడింది కాబట్టి ఇబ్బంది లేదు. 4,60,000, దాని మీది సెస్ రిఫండ్‌గా రావాలి. మధ్య ఏడు ఖాళీగా ఉందని రిటర్నులు తనిఖీ చేసే బెంగుళూరు సెంటర్ వాళ్లు కొర్రీ పెడితే 2022–23 రికార్డు చూపించి రెక్టిఫికేషన్ (తప్పు సవరణ) అడగండి. ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా దానికి గడువుంది. "తర్వాత అప్‌డేటెడ్ రిటర్న్ వేద్దాంలే" అని ఎవరైనా అంటే వినకండి. అది పన్ను ఎక్కువ కట్టేవాళ్లకోసం పెట్టిన దారి. దాంట్లో రిఫండ్ అడగడానికి వీల్లేదు.

మీ భాగస్వామి గారికి చెప్పండి, ఆ కొత్త విధానం వ్యక్తులకు, హిందూ ఉమ్మడి కుటుంబాలకు, అలాంటి మరికొందరికి. ఫర్మ్‌కి అది లేనే లేదు. సొంత పేరున ఇలాంటి వ్యాపారం చేసుకునేవాళ్లకు మాత్రం ఇది పెద్ద చిక్కు. కొత్త విధానంలోకి వెళ్తే ఏఎంటీ పడదు, అలాగే పాత ఏఎంటీ జమ వాడుకోవడానికీ వీలుండదు. ఇప్పుడు కొత్త విధానమే మామూలు విధానం కాబట్టి, మీరేమీ చెప్పకపోతే అందులోకే వెళ్లిపోతారు. జమ ఉన్నవాళ్లు గడువులోగా 10–ఐఈఏ ఫారం వేసి బయట ఉండాలా వద్దా అన్నది లెక్క చూసుకునే తేల్చుకోవాలి. కంపెనీ ఆలోచన అంటారా, ఫర్మ్ పాన్‌లో ఉన్న జమ కంపెనీ పాన్‌కి దానంతటది నడిచిపోదు. 2025 నాటి నిబంధనల్లో 22 శాతం పన్ను స్కీమ్ ఎంచుకున్న కంపెనీకైతే సొంత మ్యాట్ జమ కూడా వాడుకునే వీల్లేదు. ముందు ఆ 2 లక్షలు కూడా అయిపోనివ్వండి, తర్వాత అబ్బాయి ముచ్చట తీర్చండి.

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. మా వారు రిటైర్డ్ టీచర్. బాబు 2023లో కెనడా వెళ్లి రెండేళ్లు చదివి, ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2024–25లో మా వారి రిటైర్మెంట్ పైసల్లోంచి 17 లక్షలు పంపితే బ్యాంకు వాళ్లు 50 వేలు పన్ను పట్టుకున్నారు. పెన్షన్‌కి టాక్స్ పడదు కదా అని రిటర్న్ వేయలేదు. ఆ 50 వేలు వచ్చే ఏడు సర్దుకుంటుందా? ఇంకో మాట. బాబు ఫీజుకి అక్కడ టాక్స్ జమ వస్తుందట, వాడకపోతే ముందుకు పోతుందట, తల్లిదండ్రులకు కూడా మార్చవచ్చట. ఫీజు కట్టింది మేమే. మాకు మార్చుకోవచ్చా?

జవాబు: చెల్లీ, రెండు దేశాలు, రెండు రకాల జమ. కలిపేసుకోకు.

ఆ 50 వేలు టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు మీ వారి పేరున ముందుగా వసూలు చేసే పన్ను. 2024–25లో విదేశానికి చదువుకి పంపే డబ్బు ఏడాదికి 7 లక్షలు దాటితే, పై మొత్తం మీద 5 శాతం బ్యాంకు వసూలు చేయాల్సి ఉండేది. 17 లక్షల్లో 7 పోతే 10 లక్షలు, దాని మీద 50 వేలు. బ్యాంకు లెక్క సరిగ్గానే ఉంది. (2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలు అయింది, బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్‌తో పంపే ఫీజుకి పూర్తిగా తీసేశారు.) ఇది వచ్చే ఏటికి సర్దుకునేది కాదు. ఏ ఏడు పట్టుకున్నారో ఆ ఏడు రిటర్న్‌లోనే చూపించాలి. మీ వారి పన్ను కంటే ఎక్కువైతే బ్యాంకు ఖాతాకి వాపసు వస్తుంది. రిటర్న్ వేయకపోతే ఆయన పాన్ మీద 26ఏఎస్‌లో (ఆయన పేరున పడిన పన్నుల పట్టికలో) అలాగే కూర్చుంటుంది, ఎవరూ పిలిచి ఇవ్వరు.

పెన్షన్ ఏడాదికి 5 లక్షల 40 వేలు అని రాశావు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 4,65,000. రిబేటు వల్ల పన్ను సున్నా. కానీ పన్ను సున్నా అయినంత మాత్రాన రిటర్న్ అక్కర్లేదని కాదమ్మా. ఆదాయం 3 లక్షలు దాటింది కాబట్టి సెప్టెంబర్ 16 లోగా వేసి ఉండాల్సింది. మన దగ్గర పెన్షనర్లలో ఈ అపోహ ఎంతుందో! ఇప్పుడు డిసెంబర్ 31లోగా ఆలస్యపు రిటర్న్ వేయించు. 5 లక్షలలోపు ఆదాయానికి ఆలస్య రుసుము వెయ్యి రూపాయలు. 49 వేలు చేతికొస్తాయి. ఆ తేదీ కూడా దాటితే ఆలస్యాన్ని మన్నించమని కమిషనర్ గారికి అర్జీ పెట్టుకోవాలి. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్ల దాకా పెట్టుకోవచ్చని 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చారు. ఉన్న పదిహేను రోజులు వదిలేసి ఆ తోవలో పడొద్దు.

ఇప్పుడు బ్రాంప్టన్ లెక్క. అక్కడ కాలేజీ టీ2202 అని ఒక స్లిప్పు ఇస్తుంది, ఆ ఏడు ఎంత ఫీజు కట్టారో అందులో ఉంటుంది. ఆ స్లిప్పు పేరు బాబుదే, పైసలు ఎవరు కట్టినా సరే. ముందు వాడి పన్నుకే అది వాడాలి. వాడగా మిగిలిన ఆ ఏటి ఫీజులో 5,000 డాలర్ల దాకా భార్యకో, తల్లిదండ్రులకో మార్చవచ్చు. మార్చుకున్నవాళ్లు అక్కడ పన్ను కట్టేవాళ్లయితేనే అది పనికొస్తుంది. మీరిద్దరూ హన్మకొండలో ఉండి కెనడాకి పైసా పన్ను కట్టరు, మీ చేతిలో అది చెల్లని నోటే. పైగా ఒకసారి ముందుకు తీసుకెళ్లిన మొత్తాన్ని ఇక ఎవరికీ మార్చడానికి లేదు.

బాబుకి మాత్రం అది బాగా పనికొస్తుంది. ముందుకు తీసుకెళ్లడానికి ఏళ్ల పరిమితి లేదు. అయితే దాచుకుని, జీతం పెరిగాక వాడతానంటే కుదరదు. పన్ను పడిన మొదటి ఏడే వాడాలి. ముందుకు వెళ్లేది ఫీజు మొత్తం, దాని మీద జమ లెక్క వాడే ఏటి రేటుతో కడతారు. ఇన్నాళ్లూ 15 శాతం ఉండేది, 2025కి 14.5, 2026కి 14. రెండేళ్ల ఫీజు 30,000 డాలర్లు మిగిలి ఉందనుకుంటే 2025లో 4,350 డాలర్ల పన్ను తగ్గుతుంది. పన్నే అంత లేకపోతే చేతికి నగదు ఇవ్వరు, మిగిలింది మళ్లీ ముందుకు. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రం తన వంతు జమని 2017 సెప్టెంబర్ తర్వాతి చదువులకు ఎత్తేసింది కాబట్టి ఇది కేంద్రం వాటా మాత్రమే.

వాణ్ని ఒక్కటి అడుగు: చదువుకునే రెండేళ్లు రిటర్న్ వేసి, షెడ్యూల్ 11 నింపాడా అని. ఆదాయం లేదని చాలామంది పిల్లలు వేయరు. తండ్రికి తగ్గ కొడుకైతే వేసి ఉండడు! పాత ఏళ్లవి ఇప్పుడైనా వేస్తే, వాళ్ల రెవెన్యూ ఏజెన్సీ పంపే అసెస్‌మెంట్ నోటీసులో మిగిలిన ఫీజు ఎంతో అచ్చయి వస్తుంది. ఇక మన దేశంలో మీ వారికి 80సీ మినహాయింపు వస్తుందా అని చివర రాశావు. అది మన దేశంలోని విద్యాసంస్థల ట్యూషన్ ఫీజుకే.

ప్రశ్న: నమస్తే మేడమ్. జమ్మికుంటలో మాది జిన్నింగ్ మిల్లు. జీఎస్టీ క్రెడిట్ లెడ్జర్‌లో 7 లక్షలు మూలుగుతున్నాయి. అయినా రైతుల దగ్గర పత్తి కొన్నందుకు ప్రతి నెలా నగదు కట్టమంటోంది పోర్టల్. మా అకౌంటెంట్ ఏడాది దాటితే క్రెడిట్ పోతుందని భయపెడుతున్నాడు. 2025 ఫిబ్రవరిలో కొన్న మిషన్ విడిభాగాల బిల్లు ఒకటి (పన్ను 41 వేలు) సప్లయర్ అప్‌లోడ్ చేయక ఆగిపోయింది. అదిప్పుడు తీసుకోవచ్చా?

జవాబు: లెడ్జర్‌లో ఒకసారి ఎక్కిన క్రెడిట్‌కి (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ జమకి) చావు లేదు. మీ రిజిస్ట్రేషన్ నడుస్తున్నంత కాలం నెలనుంచి నెలకి, ఏటినుంచి ఏటికి అది నిల్వ ఉంటుంది. మీ అకౌంటెంట్ చెప్పే గడువు వాడుకోవడానికి కాదు, ఎక్కించుకోవడానికి. ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లు మీద క్రెడిట్ తర్వాత వచ్చే నవంబర్ 30 లోగా, లేదా ఆ ఏటి వార్షిక రిటర్న్ వేసేలోగా, ఏది ముందైతే అప్పటికి తీసుకోవాలి. మీ ఫిబ్రవరి బిల్లు 2024–25ది, దానికి గడువు మొన్న నవంబర్ 30. మీ ఉత్తరం మీద తేదీ డిసెంబర్ 2. ఏం చెప్పమంటారు? ఆ 41 వేలు జీఎస్టీలో పోయినట్టే. కనీసం దాన్ని ఆ విడిభాగాల ఖరీదులో కలిపి ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించే వీలుందేమో మీ ఆడిటర్‌తో కూర్చోండి. సప్లయర్ బిల్లు జీఎస్టీ పోర్టల్‌లోని 2బి పట్టికలో పడిందా లేదా అని ప్రతి నెలా చూడటం గుమాస్తా పని అనుకోకండి. జమ్మికుంట మార్కెట్లో తేమ శాతం చూడకుండా పత్తి బండి దింపుతారా? ఇదీ అంతే.

ఇక నగదు. వ్యవసాయదారుల దగ్గర పచ్చి పత్తి కొంటే రివర్స్ చార్జి, 5 శాతం మీరే కట్టాలి. 2017 నవంబర్ 15 నుంచి ఇదే పద్ధతి. రివర్స్ చార్జి పన్ను క్రెడిట్‌తో కట్టడానికి చట్టం ఒప్పుకోదు, లెడ్జర్‌లో కోటి ఉన్నా సరే. కట్టాక అదే నెల దాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు, దూది బేళ్లు అమ్మినప్పుడు వచ్చే పన్నుకి వాడుకోవచ్చు. మీ ఇబ్బంది అంతా సీజన్‌ది. అక్టోబర్ నుంచి సంక్రాంతి దాటేదాకా కొంటూనే ఉంటారు, బేళ్లు ఎండాకాలం దాకా మెల్లగా కదులుతాయి. నవంబర్‌లో 2 కోట్ల పత్తి కొంటే 10 లక్షలు నగదు కట్టారు, అదే నెల 60 లక్షల దూది అమ్మితే 3 లక్షలే వాడకమైంది. మిగతా 7 లక్షలు అలా మూలుగుతున్నవే. కొన్నదాని మీదా 5, అమ్మినదాని మీదా 5 కాబట్టి రేట్ల తేడా పేరుతో రిఫండ్ రాదు. ఎగుమతి చేస్తే వేరే కథ. బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ అడిగేటప్పుడు ఈ నిల్వని లెక్కలో చూపించండి. నవంబర్, డిసెంబర్ నెలలకు ఈ పన్ను పైసలు వేరుగా తీసిపెట్టుకోవడం తప్ప నాకు ఇంకో ఉపాయం తోచదు.

ఒకటి మరిచాను. రైతు బిల్లు ఇవ్వడు కాబట్టి మీరే సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసుకోవాలి కదా, 2024 నవంబర్ 1 నుంచి దానికి 30 రోజుల గడువు పెట్టారు.

ప్రశ్న: కరీంనగర్‌లో స్టేషనరీ షాపు. నోట్‌బుక్కుల మీద పన్ను తీసేశారు కదా, జూన్‌లో 12 శాతం కట్టి కొన్న స్టాకు ఇంకా ఉంది. ఆ క్రెడిట్ ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోలేరు. సెప్టెంబర్ 22 నుంచి నోట్‌బుక్కులకు పన్ను లేదు కాబట్టి, 21 రాత్రికి గోదాములో ఉన్న నోట్‌బుక్కుల మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. పెన్నులు, కాలిక్యులేటర్ల లాంటి పన్ను ఉన్న సరుకు కూడా అమ్ముతారు కాబట్టి లెడ్జర్‌లో మిగతాది మీదే, ముందుకు పోతుంది. ఒట్టి నోట్‌బుక్కులే అమ్మే దుకాణమైతే, స్టాకుది కట్టాక మిగిలిన నిల్వ కూడా రద్దే. ఆ రోజు స్టాకు లెక్క రాసి పెట్టారా? పెట్టకపోతే అమ్మకాల బిల్లులనుంచి వెనక్కి వెళ్తూ ఇప్పుడే కట్టండి.

ప్రశ్న: కరీంనగర్ ముకరంపురలో నా బిల్డింగ్ ఒక ఆఫీసుకి కిరాయికి ఇచ్చాను. నెలకి 60 వేలు. 2024 ఏప్రిల్‌లో రెండేళ్ల కిరాయి 14,40,000 ఒకేసారి ఇచ్చి, 1,44,000 టీడీఎస్ కోశారు. నేను 2024–25 రిటర్న్‌లో ఒక ఏడాది కిరాయి చూపించి టీడీఎస్ మొత్తం అడిగాను. లెక్క కలవడం లేదని మెసేజ్ వచ్చింది.

జవాబు: ఆదాయం సగం చూపించడం సరైనదే, ఇంటి కిరాయి ఏ ఏటిది ఆ ఏటికే. కానీ ఆదాయం సగమైతే టీడీఎస్ కూడా సగమే. 37బిఏ రూలు అదే చెబుతుంది, ఆదాయం ఎన్నేళ్లకి పంచుతారో టీడీఎస్ కూడా అదే వంతున పంచాలి. రిటర్న్‌లోని టీడీఎస్ షెడ్యూల్‌లో ముందుకు తీసుకెళ్లే మొత్తానికి ఒక గడి ఉంటుంది. డిసెంబర్ 31లోగా రివైజ్ చేసి 72,000 ఇప్పుడు అడగండి, 72,000 ఆ గడిలో వేయండి.

వచ్చే ఏడు జాగ్రత్త. అప్పుడు 26ఏఎస్ తెరిస్తే ఈ కిరాయి టీడీఎస్ కనబడదు, ఎందుకంటే కోసింది 2024లో. పాత ఏడు పేరుతో మీరే తెచ్చి రాసుకోవాలి. నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే ఇది నాకే జరిగింది. ఒక కోచింగ్ సంస్థలో క్లాసులు చెప్పడానికి మార్చిలో ముందుగా ఫీజు ఇచ్చి టీడీఎస్ కోశారు. క్లాసులు జూన్‌లో. జాగ్రత్తగా 9,000 ముందుకు తోశాను. మరుసటేడు ఊరందరి రిటర్నులూ వేసి, నాది ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి వేసుకున్నాను. 26ఏఎస్‌లో ఉన్నవే ఎక్కించాను. ఆ 9,000 సంగతి నాలుగేళ్ల తర్వాత బీరువా సర్దుతుంటే గుర్తొచ్చింది. మా బాపు బతికుంటే ఏమనేవాడో తెలుసు కాబట్టి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది జగిత్యాల. మా తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు. ఇక్కడ ఎన్ఆర్ఓ (ఎన్నారైల ఇక్కడి ఖాతా) డిపాజిట్ మీద 90 వేల మిత్తి వస్తే 28,080 కోశారు. అక్కడ వాడు పన్ను కట్టడు కదా, ఈ టీడీఎస్ వచ్చే ఏడు అక్కడికో ఇక్కడికో మార్చుకోవచ్చా?

జవాబు: అక్కడ జీతం మీద పన్నే లేదు, ఇంక దేనికి మార్చుకుంటాడు? ఇక్కడ కూడా ముందుకు పోదు. అది 2024–25 మిత్తి అయితే, వాడికి ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే, 90 వేలు 3 లక్షల హద్దు లోపలే కాబట్టి మొత్తం 28,080 రిఫండ్. డిసెంబర్ 31లోగా వాడి పాన్ మీద ఐటీఆర్–2 వేయించండి. ఓటీపీ వాడి ఆధార్‌కి జతచేసిన నంబర్‌కే వస్తుంది. ఆ సిమ్ ఇక్కడ మీ ఇంట్లో ఉందో, దుబాయ్‌లో వాడి దగ్గర ఉందో ఈ రాత్రికే ఫోన్ చేసి కనుక్కోండి.